చివరి యూనిట్‌తో మొదలుపెట్టండి: యూనివర్సిటీలో అమెరికన్, ఆఫ్రికన్ అమెరికన్ సాహిత్యం చదివే పద్ధతి

మన దగ్గర ఎం.ఏ. ఇంగ్లిష్‌లో అమెరికన్ సాహిత్యం పేపరు సిలబస్ తీసి చూడండి. ఎమర్సన్, హాథార్న్, విట్మన్, డికిన్సన్, ఫ్రాస్ట్, ఓనీల్, మిల్లర్ అని వరసగా వెళ్ళి, చాలా చోట్ల అట్టడుగున నల్లజాతి రచయితలైన టోనీ మారిసనో లాంగ్‌స్టన్ హ్యూజో కనిపిస్తారు. క్లాసులు అక్కడికి చేరేసరికి సెమిస్టర్ అయిపోతుంది. "ఆ యూనిట్ మీరే చూసుకోండి" అంటారు సారు. నేను చదువుకున్న రోజుల్లో ఆ యూనిట్‌ని నిశ్చింతగా చాయిస్‌లో వదిలేశాను. పరీక్ష పాసయ్యాను. అమెరికన్ సాహిత్యం మాత్రం అర్థం కాలేదు. ఎందుకు అర్థం కాలేదో చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది: వదిలేసిన ఆ యూనిట్టే మిగతా యూనిట్లకి తాళంచెవి.

అందుకే ఈ మార్గదర్శిలో క్రమం తిరగేశాను. ఇది ప్రధానంగా ఎం.ఏ. విద్యార్థుల కోసం. బి.ఏ.లో ఈ పేపరు ఉన్నవాళ్ళకీ, అమెరికాలో ఏదో డిగ్రీ చేస్తూ తప్పనిసరి హ్యుమానిటీస్ కోర్సుగా దీన్ని తీసుకున్నవాళ్ళకీ కూడా పనికొస్తుంది.

మొదటి అడుగు: ఒక్క కాగితం మీద కాలపట్టిక

చరిత్ర పుస్తకం మొత్తం చదవక్కర్లేదు. ఒక తెల్లకాగితం మీద ఈ సంవత్సరాలు చేత్తో రాసుకుని టెక్స్ట్‌బుక్ అట్ట లోపల అంటించుకోండి. 1619: వర్జీనియాకి ఆఫ్రికన్లను తెచ్చిన ఓడ. 1808: బయటి నుంచి బానిసలను దిగుమతి చేసుకోవడంపై నిషేధం. లోపల కొనుగోళ్ళు మాత్రం ఆగలేదు. 1850: పారిపోయిన బానిసను ఉత్తరాది రాష్ట్రాల్లో ఉన్నా సరే పట్టి అప్పగించాలన్న చట్టం. 1863: విముక్తి ప్రకటన. 1865: పదమూడో సవరణతో బానిసత్వం రద్దు. 1896: ప్లెసీ కేసు తీర్పు, "వేరుగా ఉన్నా సమానమే" అనే పేరుతో వివక్షకు చట్టబద్ధత. 1954: బ్రౌన్ కేసు తీర్పుతో బడుల్లో ఆ వివక్ష చెల్లదనడం. 1964, 1965: పౌరహక్కుల చట్టం, ఓటుహక్కు చట్టం.

ఇక ఏ రచన చదివినా ముందు దాని సంవత్సరాన్ని ఈ పట్టికలో ఎక్కడ పెట్టాలో చూడండి. టోనీ మారిసన్ నవల "బిలవ్డ్" వచ్చింది 1987లో. దానికి ప్రేరణ 1856లో జరిగిన మార్గరెట్ గార్నర్ ఉదంతం. పారిపోయి ఒహాయో చేరిన తల్లి, యజమాని మనుషులు చుట్టుముట్టగానే తన బిడ్డను తానే చంపేసింది. పట్టికలో 1850 నాటి చట్టం కనిపిస్తుంటే, ఒహాయో లాంటి స్వేచ్ఛా రాష్ట్రంలో కూడా ఆమెకి రక్షణ ఎందుకు లేదో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

రెండో అడుగు: డగ్లస్‌ని పూర్తిగా చదవడం

మొదట చేతిలోకి తీసుకోవాల్సింది, బానిసగా పుట్టి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో రాసిన ఆత్మకథ. చిన్న పుస్తకం, నూరు పేజీలకి అటూ ఇటూ. కాపీరైటు లేదు కాబట్టి ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ అనే వెబ్‌సైటులో ఉచితం. గైడు కొనే డబ్బుతో దీన్నే ప్రింటు తీయించుకోండి.

మూడు విషయాలు పట్టుకుని చదవండి. ఒకటి, ముందుమాటలు. డగ్లస్ గొంతు మనకి వినపడే ముందు విలియం లాయిడ్ గారిసన్, వెండెల్ ఫిలిప్స్ అనే ఇద్దరు తెల్లవాళ్ళు "ఇదంతా నిజం, ఇతనే రాశాడు" అని పూచీ పడతారు. నల్లవాడి మాటకి తెల్లవాడి జామీను కావాల్సి వచ్చిన కాలమది. చాలామంది ముందుమాటలు దాటేస్తారు. ఇక్కడ అవీ పాఠంలో భాగమే. ఫిలిస్ వీట్లీ విషయంలోనూ ఇదే జరిగింది. 1761లో బోస్టన్ రేవులో అమ్ముడుపోయిన చిన్నపిల్ల ఆమె. తెచ్చిన ఓడ పేరే ఆమె పేరైంది. 1773లో లండన్‌లో ఆమె కవితల పుస్తకం అచ్చయితే, దాని ముందు బోస్టన్ పెద్దమనుషులు సంతకాలు చేసిన ధ్రువీకరణ పత్రం ఉంటుంది.

రెండోది, చదువు గురించిన అధ్యాయాలు. యజమాని భార్య సోఫియా ఆల్డ్ అక్షరాలు నేర్పుతుంటే ఆమె భర్త ఆపేస్తాడు: చదువొస్తే బానిస పనికిరాకుండా పోతాడని. ఆ మాట విన్న పిల్లాడికి విముక్తికి దారి ఏదో యజమాని నోటి నుంచే తెలిసిపోయింది. ఆ తర్వాత వీధిలో బీద తెల్లపిల్లలకి రొట్టెముక్కలిచ్చి పాఠాలు చెప్పించుకుంటాడు.

మూడోది నాకు చాలా ఇష్టమైనది, డగ్లస్ చెప్పకుండా వదిలేసింది. 1838లో బాల్టిమోర్ నుంచి ఎలా తప్పించుకున్నాడో ఈ పుస్తకంలో లేదు. చెబితే వెనక వచ్చేవాళ్ళకి ఆ దారి మూసుకుపోతుంది, సాయం చేసినవాళ్ళు దొరికిపోతారు. నావికుడి గుర్తింపు కాగితాలు అరువు తెచ్చుకుని రైలెక్కిన వైనం బానిసత్వం రద్దయ్యాక, 1881 నాటి ఆత్మకథలో బయటపెట్టాడు. ఒక రచనలో మౌనం ఎలా పనిచేస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

వెంటనే హ్యారియెట్ జేకబ్స్ 1861లో లిండా బ్రెంట్ అనే మారుపేరుతో వేసిన పుస్తకం చదవండి. యజమాని లైంగిక వేధింపుల నుంచి తప్పించుకోవడానికి ఆమె అమ్మమ్మ ఇంటి అటక మీద, నిలబడటానికి వీల్లేని ఇరుకులో, దాదాపు ఏడేళ్ళు దాక్కుంది. కన్నబిడ్డల మాటలు కింద నుంచి వినపడుతున్నా పలకలేని పరిస్థితి. ఇది కల్పితమని పండితులు చాలాకాలం కొట్టిపారేశారు. 1980లలో జీన్ ఫాగన్ యెల్లిన్ అనే పరిశోధకురాలు ఉత్తరాలూ దస్తావేజులూ వెతికి ఇది జేకబ్స్ సొంత కథేనని నిరూపించింది. డగ్లస్ పోట్లాడి, పారిపోయి మనిషిననిపించుకుంటాడు. పిల్లల తల్లికి అలా పారిపోవడం కుదరదు. ఈ తేడా మీద ఒక్క పేజీ సొంతంగా రాయగలిగితే ఈ అడుగు దాటినట్టే.

మూడో అడుగు: ఒక ఏడాదిని బల్ల మీద పరచడం

ఇప్పుడు సిలబస్‌లోని "పెద్దవాళ్ళ" దగ్గరికి వెళ్దాం. 1855ని తీసుకోండి. విట్మన్ "లీవ్స్ ఆఫ్ గ్రాస్" మొదటి ముద్రణ ఆ ఏడే. డగ్లస్ రెండో ఆత్మకథ ఆ ఏడే. మెల్విల్ పెద్దకథ "బెనీటో సెరెనో" పత్రికలో వచ్చిందీ ఆ ఏడే.

విట్మన్ పుస్తకంలోని పొడవాటి కవితలో ఒక చోట, పారిపోయి వచ్చిన బానిసకి కథకుడు ఇంట్లో చోటిస్తాడు, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు పెడతాడు. 1850 చట్టం ప్రకారం అది నేరం. నోట్సుల్లో "విట్మన్ ప్రజాస్వామ్య కవి" అని బట్టీపట్టే వాక్యానికి అప్పుడు ప్రాణం వస్తుంది.

మెల్విల్ కథ మరీ చిత్రం. డెలానో అనే అమెరికన్ కెప్టెన్ ఆపదలో ఉన్న స్పానిష్ ఓడ ఎక్కుతాడు. నిజానికి ఆ ఓడని బానిసలు ఎప్పుడో స్వాధీనం చేసుకున్నారు. బాబో అనే నాయకుడు వినయంగా సేవకుడి వేషం కడుతున్నాడు. ఈ మనుషులకి ఇంత ఆలోచన ఉండదన్న నమ్మకంతో ఉన్న డెలానోకి కళ్ళెదుట జరుగుతున్న నాటకం కనిపించదు. ఈ కథ అయ్యాక రాల్ఫ్ ఎలిసన్ 1952 నవల "ఇన్విజిబుల్ మ్యాన్" మొదటి పేజీలు తిప్పండి. నవలకి ముందు పెట్టిన ఉల్లేఖనాల్లో ఒకటి సరిగ్గా ఈ కథలోదే. చూస్తున్నా కనపడని మనిషి అనే ఊహ తొంభై ఏడేళ్ళ తర్వాత నల్లజాతి రచయిత చేతిలో మళ్ళీ లేచింది. సిలబస్‌లో ఈ ఇద్దరూ వేరే వేరే యూనిట్లలో ఉంటారు కనుక ఈ సంగతి క్లాసులో రాకపోవచ్చు.

అమెరికన్ సాహిత్యంలో తెల్లవాళ్ళ ఊహాలోకం నల్లవాళ్ళ ఉనికి చుట్టూనే అల్లుకుందని టోనీ మారిసన్ "ప్లేయింగ్ ఇన్ ద డార్క్" అనే చిన్న విమర్శ పుస్తకంలో వాదించింది. 1992లో వచ్చిన ఆ పుస్తకం నూరు పేజీలు దాటదు. చివరి యూనిట్ ముందు చదవమని నేను చెప్పడానికి మూలం అదే.

నాలుగో అడుగు: చెవితో చదవడం

మన విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. జోరా నీల్ హర్‌స్టన్ 1937 నవల "దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్" తెరవగానే సంభాషణలు చూసి "ఇదేం ఇంగ్లిష్?" అని మూసేస్తారు. ఆలిస్ వాకర్ 1982 నవల "ద కలర్ పర్పుల్" ఉత్తరాల పరిస్థితీ అంతే. చిన్నప్పటి నుంచి గ్రామర్ తప్పులు దిద్దించుకుని పెరిగాం కదా, అవి తప్పుల్లాగే కనిపిస్తాయి.

అవి తప్పులు కావు, వేరే వ్యాకరణం. తెలుగువాళ్ళకి అది సులువుగా పట్టుబడాలి కూడా. "ఆయన మా మామయ్య" అంటాం. ఇందులో ఇంగ్లిష్ "ఈజ్" లాంటి మాట ఏదీ లేదు, మనకి లోటూ అనిపించదు. నల్లజాతి ఇంగ్లిష్‌లోనూ చాలా చోట్ల ఆ మాట ఉండదు. "హి వర్కింగ్" అంటే ఇప్పుడు పని చేస్తున్నాడు. "హి బి వర్కింగ్" అంటే మామూలుగా చేస్తుంటాడు. చేస్తున్నాడు, చేస్తుంటాడు అనే తేడా మనకి క్రియలోనే ఉంది. బడిలో నేర్పే ఇంగ్లిష్‌లో "హి ఈజ్ వర్కింగ్"కి ఆ రెండో అర్థం రావాలంటే "యూజువల్లీ" లాంటి మాట తగిలించాలి. ఎవరి భాషలో లోటుందో మీరే చెప్పండి.

కాబట్టి గొంతెత్తి చదవండి. హాస్టల్ రూంలో నవ్వుతారనుకుంటే మేడ మీదికి వెళ్ళండి. పాటలు కూడా వినండి, ముఖ్యంగా బానిసలు పాడుకున్న భక్తిపాటలైన స్పిరిచ్యువల్స్, నల్లజాతివారి విషాదగీతాలైన బ్లూస్. బానిసలు పాడుతున్నారంటే సంతోషంగా ఉన్నారనుకునేవాళ్ళని చూసి డగ్లస్ ఆశ్చర్యపోతాడు. మనసు బరువెక్కినప్పుడే ఎక్కువ పాడేవాళ్ళమంటాడు. 1855 పుస్తకంలో ఇంకో గుట్టు విప్పుతాడు: "కేనన్ దేశానికి పోతున్నా" అని పాడుకుంటుంటే యజమానికి అది బైబిల్ పాట, పాడేవాళ్ళకి ఆ దేశం ఉత్తరాది. నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ 1903లో "ద సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్" వ్యాసాల ముందు ఆ పాటల స్వరలిపి ముక్కలు అచ్చువేశాడు, కింద సాహిత్యం లేకుండా. సంగీతం చదవడం వచ్చినవాళ్ళు మీ క్లాసులో ఉంటే పాడించుకోండి.

ఐదో అడుగు: ఒక చిన్న కవితతో ఒక సాయంత్రం

క్లోజ్ రీడింగ్, అంటే మాట మాటా పట్టి చదవడం, అనే మాట అందరూ వింటారు, చేసి చూపించేవాళ్ళు తక్కువ. గ్వెండొలిన్ బ్రూక్స్ కవిత "వి రియల్ కూల్" ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. 1959లో అచ్చయింది. 1950లోనే పులిట్జర్ అందుకున్న మొదటి ఆఫ్రికన్ అమెరికన్ ఆమె. కవితని చేత్తో నోట్సులోకి ఎక్కించుకోండి.

లెక్కపెట్టండి. ఎనిమిది పాదాలు, 24 మాటలు, ప్రతి మాటా ఒక్క ఊపులో పలికేదే, ఒకే సిలబుల్. పేరు కింద ఉన్న చిన్న గమనిక ప్రకారం "గోల్డెన్ షావెల్" అనే చోట పూల్ (బిలియర్డ్స్ లాంటి ఆట) ఆడుతున్న ఏడుగురు కుర్రాళ్ళ మాటలివి. బడి మానేశాం, రాత్రిళ్ళు తిరుగుతాం అని గొప్పలు పోతుంటారు. "వి" అంటే మేము. మొదటి పాదంలో అది ముందు వస్తుంది. అక్కడి నుంచి ప్రతి "మేము" పాదం చివర వేలాడుతుంది, దాని క్రియ కింది పాదంలో ఉంటుంది. చదివేటప్పుడు అక్కడ ఊపిరి తడబడుతుంది. ఆ మాటని మెల్లగా పలకాలని బ్రూక్సే చెప్పింది. మేము అంటున్నారే గానీ ఆ మేము మీద వాళ్ళకే గట్టి నమ్మకం లేదు.

ఇక చివరి పాదం చూడండి. త్వరలోనే చచ్చిపోతాం అన్న రెండు మాటలు, అంతే. దాని చివర "మేము" లేదు. ఆ కుర్రాళ్ళు కవితలోంచి కూడా వెళ్ళిపోయారు. షావెల్ అంటే పార అని గుర్తుచేసుకుంటే ఆ పూల్ హాలు పేరులోనే గొయ్యి తవ్వే చప్పుడు వినిపిస్తుంది. "ఆర్" అనే మాట లేని "వి రియల్ కూల్" వ్యాకరణం ఎక్కడిదో నాలుగో అడుగులో చూశాం.

ఇందులో ఒక్క విమర్శకుడి పేరూ వాడలేదు. లెక్కపెట్టడం, చోటు గమనించడం, లేనిది ఏమిటో అడగడం, ఇవే పనిముట్లు. హ్యూజ్, డికిన్సన్ కవితల మీద కూడా ఇదే పద్ధతి ప్రయత్నించండి.

ఆరో అడుగు: రచయితల తగాదాల్లో తలదూర్చడం

ఇది సరదా అయిన అడుగు. ఆఫ్రికన్ అమెరికన్ సాహిత్యాన్ని ఒకే గొంతుగా రాసే జవాబులు దిద్దీ దిద్దీ విసుగొస్తుంది. ఆ రచయితలు ఒకరితో ఒకరు బాగా పోట్లాడుకున్నారు. 1937లో రిచర్డ్ రైట్ హర్‌స్టన్ నవలని సమీక్షిస్తూ అందులో చెప్పుకోదగ్గ సందేశం లేదని తీసిపారేశాడు. 1940లో రైట్ "నేటివ్ సన్" వస్తే, 1949లో జేమ్స్ బాల్డ్విన్ ఒక వ్యాసంలో నిరసన నవల అనే ప్రక్రియనే తప్పుపట్టి, తనకి చేయూతనిచ్చిన రైట్‌ని కూడా వదల్లేదు. హర్‌స్టన్‌ని లోకం మరిచిపోయింది. 1973లో ఆలిస్ వాకర్ ఫ్లోరిడా వెళ్ళి, గడ్డి మొలిచిన శ్మశానంలో ఆమె సమాధి వెతికి రాయి పెట్టించింది. ఏ పుస్తకం సిలబస్‌లోకి వస్తుంది, ఏది పోతుంది అన్నది గాలివాటంగా జరగదు, ఎవరో ఒకరు మోస్తేనే నిలబడుతుంది.

సాహిత్య సిద్ధాంతం ఈ తర్వాతే. హెన్రీ లూయీ గేట్స్ 1988 నాటి "సిగ్నిఫైయింగ్ మంకీ", బార్బరా క్రిస్టియన్ 1987 వ్యాసం "ద రేస్ ఫర్ థియరీ" పక్కపక్కన చదివితే చాలు. ఒకరు నల్లజాతి మౌఖిక సంప్రదాయంలోంచే సిద్ధాంతం తీస్తారు, రెండోవారు సిద్ధాంతాల పరుగుపందెం మీదే అసహనం చూపిస్తారు.

మాటల జాగ్రత్త

పాత తెలుగు అనువాదాల్లో "నీగ్రో" ఇంకా కనిపిస్తుంది. డుబాయిస్ కాలంలో అది గౌరవపదమే, రచన పేరులోనో ఉల్లేఖనంలోనో ఉంటే అలాగే ఉంచండి. మీ సొంత వాక్యంలో మాత్రం నల్లజాతి, ఆఫ్రికన్ అమెరికన్ అనండి. మార్క్ ట్వేన్ "హకల్‌బెరీ ఫిన్"లో పదేపదే వచ్చే తిట్టుమాటని అమెరికాలో క్లాసులో పైకి చదవొద్దు. మిత్రుల మధ్య పాటలో వినపడింది కదా అని అనొద్దు. ఇంగ్లిష్‌లో ఇప్పుడు "బ్లాక్" అనే మాటని పెద్దక్షరంతో రాస్తున్నారు, అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ 2020లో ఆ పద్ధతికి మారింది. అక్కడి పరిశోధకులు బానిస అనే నామవాచకం బదులు బానిసత్వంలో ఉంచిన మనిషి అనే అర్థమిచ్చే మాట వాడుతున్నారు. పేపరు రాసేటప్పుడు గుర్తుంచుకోండి.

పుస్తకాలు ఎక్కడ

డగ్లస్, జేకబ్స్, డుబాయిస్, మెల్విల్ ఉచితంగా దొరుకుతారు. నార్త్ కరోలైనా యూనివర్సిటీ నడిపే "డాక్యుమెంటింగ్ ద అమెరికన్ సౌత్" సైటులో బానిసల ఆత్మకథలు పాత ముద్రణల అట్టలతో సహా ఉన్నాయి. 1936 నుంచి 1938 వరకు, బానిసత్వం అనుభవించి బతికున్న ముసలివాళ్ళని కలిసి రాసుకున్న 2,300కు పైగా కథనాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైటులో చదవొచ్చు. రాసుకున్నవాళ్ళలో ఎక్కువమంది తెల్లవాళ్ళన్న సంగతి మరవకుండా చదవాలి.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి ఇంకో సౌకర్యం. ఉస్మానియా ఆవరణలో 1964లో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ పెట్టారు. తర్వాత పేరు మారి ఉస్మానియా యూనివర్సిటీ సెంటర్ ఫర్ ఇంటర్నేషనల్ ప్రోగ్రామ్స్ అయింది. అమెరికన్ సాహిత్యం మీద అక్కడ పోగైన పుస్తకాల కోసం దేశం నలుమూలల నుంచీ పరిశోధకులు వచ్చేవారు. వెళ్ళేముందు మీ డిపార్ట్‌మెంట్ నుంచి ఉత్తరం తీసుకుని, ఏయే రోజులు తెరుస్తారో కనుక్కోండి.

అలెక్స్ హేలీ "రూట్స్"కి సహవాసి చేసిన తెలుగు సేత "ఏడు తరాలు" చదివి ఈ దారిలోకి వచ్చినవాళ్ళు మనలో బోలెడుమంది. మంచిదే. అయితే అది సంక్షిప్తం, పైగా హేలీ వంశచరిత్ర వివరాల మీద వివాదాలున్నాయి. పరీక్షలో చరిత్రకి సాక్ష్యంగా దాన్ని చూపించొద్దు.

జవాబు, ఆపైన పరిశోధన

"నల్లవాళ్ళు ఎన్నో కష్టాలు పడ్డారు, రచయిత వాటిని హృద్యంగా చిత్రించారు" అన్నది వాదన కాదు, సానుభూతి. ఎవరూ కాదనలేని వాక్యం మీద వ్యాసం నడవదు. "1845లో డగ్లస్ తన దారి దాచడం కూడా ఒక రాజకీయ చర్య" అన్నారనుకోండి, ఎలా అని ఎవరైనా అడుగుతారు. ఆ ఎలాకి చెప్పేదే మీ వ్యాసం. ప్రతి పేరాలో ఒక చిన్న ఉల్లేఖనం, దాని కింద మీ రెండు మూడు వాక్యాలు ఉంటే సరిపోతుంది. రచయిత పుట్టిన ఊరు, పొందిన అవార్డులతో మొదటి పేజీ నింపొద్దు, దిద్దేవాళ్ళకి అవి తెలుసు.

పీహెచ్‌డీకి వెళ్ళేవాళ్ళు "దళిత, నల్లజాతి సాహిత్యాలు: తులనాత్మక పరిశీలన" అని పెట్టుకుని మునిగిపోతుంటారు. రెండు సముద్రాలవి. పోలిక మాత్రం మనం నిన్న కనిపెట్టింది కాదు. జోతిరావు ఫూలే 1873లో "గులాంగిరి"ని బానిసత్వం రద్దుకి పాటుపడిన అమెరికా ప్రజలకి అంకితమిచ్చాడు. 1946లో అంబేద్కర్ డుబాయిస్‌కి ఉత్తరం రాసి, నల్లజాతివారు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న అర్జీ ప్రతి అడిగాడు. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్ పేరు అమెరికాలోని బ్లాక్ పాంథర్స్ నుంచే వచ్చింది. అయినా కులం, రంగు ఒకటి కావు. కులం ముఖం మీద రాసి ఉండదు, ఇంటిపేరూ వాడా అడిగి తెలుసుకుంటారు. ఆ తేడాని దాటేసిన థీసిస్ వైవాలో నిలబడదు.

చిన్న ప్రశ్న ఒకటి పట్టుకోండి. డగ్లస్ తన గోడు ఉత్తరాది తెల్ల పాఠకులకి చెప్పుకుంటున్నాడు, మధ్యలో గారిసన్ పూచీ ఉంది. జాషువా 1941లో వచ్చిన "గబ్బిలం"లో గుడిలోకి అడుగుపెట్టలేని మనిషి తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. గుడిలో దానికి అడ్డులేదు కదా. గోడు ఎవరికి చెబుతున్నారు, మధ్యవర్తి ఎవరు, ఆ మధ్యవర్తికి లోపలికి వెళ్ళే అర్హత ఎక్కడిది? ఈ మూడు ప్రశ్నలూ రెండు పుస్తకాల మీదే వేసి చూడండి. మూడొందల పేజీలకి సరిపడా పని ఉంటుంది.